లీడర్ భార్య గురించి రాసుడు ఎట్ల (ఆయన గురించి రాయకుండ)

మొన్న ఇద్దరు డిగ్రీ పిల్లలు అడిగిన్రు, అన్నా కొండపల్లి కోటేశ్వరమ్మ మీద సెమినార్ పేపర్ రాయాలె ఎక్కడ మొదలుపెట్టాలె అని. హన్మకొండల చదివేటప్పుడు నేను గూడ గిదే టాపిక్ తీస్కొని బొక్కబోర్ల పడ్డ. పన్నెండు పేజీలు రాసి ఇస్తే మా సార్ ఆమె మొగడు, నక్సలైట్ లీడర్ 'సీతారామయ్య' పేరు ఉన్న కాడల్లా ఎర్ర పెన్నుతోని సున్నా చుట్టిండు, కాయితం మీద అమ్మతల్లి పోసినట్టే అయింది. తిట్టలే, ఆమె పేరు ఎన్నిసార్లున్నదో నువ్వే లెక్కపెట్టుకో అని చేతుల పెట్టిండు గంతే.

అందుకే చెప్తున్న, ముందుగాల నెట్ల వెతకకున్రి. ఆమె ఆత్మకథ 'నిర్జన వారధి' తెచ్చుకోన్రి, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్లు 2012ల వేసిన్రు, అప్పటికి ఆమెకు 90 దాటినయి. మొదటిసారి కథ లెక్క చదువున్రి, పెన్ను ముట్టొద్దు. రెండోసారికి నోట్‌బుక్ తీసి పేజీ నడుమ గీత కొట్టి ఎడమ దిక్కు ఆయన, కుడి దిక్కు ఆమె అని రాస్కోన్రి.

ఎడమ దిక్కు ఒక్క పూటల నిండుతది, కాజీపేట ఫాతిమానగర్‌ల హిందీ పంతులు, 1980ల పీపుల్స్‌వార్ పార్టీ పెట్టుడు, 2002ల చావు, మన దగ్గర ఎవరినడిగినా చెప్తరు. కుడి దిక్కే కష్టం. 1918ల కృష్ణా జిల్లా పామర్రుల పుట్టింది, ఊహ తెల్వకముందే పెళ్లి, ఏడేండ్లొచ్చేసరికే మొగడు పోయిండు, తర్వాత సీతారామయ్యతోని రెండో పెళ్లి, కమ్యూనిస్టు పార్టీ, వాళ్ల కళాబృందం ప్రజానాట్యమండలిల పాటలు నాటకాలు, అజ్ఞాతవాసం, ఆయన విడిచి పోయినంక పెద్ద వయసుల హైదరాబాద్ ఆంధ్ర మహిళా సభల చేరి మెట్రిక్ చదువుడు, కాకినాడల హాస్టల్ మేట్రన్ నౌకరి. కొడుకు, బిడ్డ ఇద్దరూ ఆమె కండ్ల ముందటనే పోయిన్రు. 2018ల నూరేండ్లు నిండినంక విశాఖల ఆమె పోయింది.

ఇప్పుడు రెండు దిక్కులు పక్కపక్కన చూడున్రి. ఎడమ దిక్కు మీటింగులు, పార్టీ చీలికలు ఉన్న కాడ కుడి దిక్కు ఖాళీ కనవడ్తది గదా, మీ పేపర్ అక్కడనే ఉన్నది. ఆ రోజుల్ల ఇల్లు ఎవరు నడిపిన్రు, పిల్లలను ఏ ఇంట్ల విడిచిపెట్టిన్రు, కూలి ఎవరు తెచ్చిన్రు అని అడుక్కుంట మళ్ల పుస్తకంలకు పోవాలె. అజ్ఞాతవాసం ముచ్చట్లు ఇంక లోతుగ కావాల్నంటే 1986ల స్త్రీశక్తి సంఘటన వేసిన 'మనకు తెలియని మన చరిత్ర' చూడున్రి, తెలంగాణ సాయుధ పోరాటంల తిరిగిన ఆడోళ్లు వాళ్ల నోటితోని చెప్పుకున్నయి ఉంటయి.

వాక్యం కాడ గూడ జర జాగ్రత్త. 'ఆయన ఆమెను వదిలేసిండు' అని పేరా మొదలుపెడితే ఆ పేరా ఆయనది అయిపోతది, 'ఆమె మెట్రిక్ చదువనీకె పోయింది' అని మొదలుపెడితే ఆమెది. రెండూ నిజమే. మేట్రన్ అంటే బియ్యం పప్పు లెక్కలు, ఆడపిల్లల జరాలు, రాత్రి తలుపుల తాళాలు, దానికి ఒక పేజీ ఇచ్చినా తప్పులేదు.

'త్యాగమూర్తి' అన్న మాట మాత్రం దయచేసి వాడకున్రి, ఆ మాట వేసినంక ఇగ ఎవరూ ఏం ఆలోచించరు. ఆయనను విలన్ చేసుడు గూడ సులువే. చివర్ల చూడాల్నని ఆయన అంటే ఆమె వెంటనే ఉరుకలే, ఆ భాగం నిమ్మళంగ చదువున్రి, 'క్షమించింది' అని ఒక్క ముక్కల తేల్చకున్రి.

'అశ్రు సమీక్షణం', 'అమ్మ చెప్పిన ఐదు గేయాలు', 'సంఘమిత్ర కథలు' ఆమె రాసిన ఈ కవితలు, కథలన్నిటివి అందరు ఆఖర్ల పేర్లు రాసి చేతులు దులుపుకుంటరు, నేనూ అట్లనే చేసిన. ఒక్కటన్నా తెచ్చుకొని దానిల ఒక్క ముక్క పట్టుకోన్రి, ఆత్మకథల ఏం జరిగిందో ఉంటది, కవితల, కథల అది మనిషిని ఏం చేసిందో ఉంటది.

ఆంధ్రామె గదా మనకేంది అనేటోళ్లుంటే ఊర్లనే ఒక ముసలామెను పట్టుకోన్రి. పరకాల దిక్కు ఒకప్పుడు సర్పంచ్ చేసినాయన భార్య దగ్గరికి పోయి 'మీ ఆయన గురించి చెప్పవ్వా' అంటే పేపర్ల వచ్చినట్టు చెప్పింది, ఊరికి రోడ్డు తెచ్చిండు, బడి తెచ్చిండు అని. ఫోన్ జేబుల పెట్టి, ఆయన మీటింగులకు పోతె బర్రెకు గడ్డి ఎవరేసేది అని అడిగిన. నవ్వింది, ఇగ పొద్దుగూకేదాక ఆగలే, చాయ్ సల్లారి మీగడ కట్టింది.

లేస్తుంటే అడిగింది, గిదంత గూడ రాస్తవా బిడ్డా అని. రాస్తనన్న. అయితే బర్రె పేరు గౌరి, అది గూడ రాయి అన్నది.