పాటల సర్వర్ స్కాన్ నత్తనడక నడుస్తుంటే ఏం చేయాలి?

నాలుగు కొత్త ఆల్బమ్‌లు చేర్చి స్కాన్ నొక్కితే గంట దాటినా పూర్తికాదు. ఇంట్లో మ్యూజిక్ సర్వర్ (సొంత పాటలను ఇంట్లోని ఫోన్లకు, స్పీకర్లకు అందించే ప్రోగ్రాం) నడిపేవారిలో చాలామంది ఇక్కడే సహనం కోల్పోయి, లైబ్రరీ మొత్తం తుడిచేసి మొదటి నుంచి స్కాన్ పెడతారు. దయచేసి ఆ పని చేయకండి. తుడిచేసినంత మాత్రాన ఆలస్యానికి కారణం పోదు. పైగా కొన్ని సర్వర్లలో ఇష్టమైన పాటల గుర్తులు, ఏ పాట ఎన్నిసార్లు విన్నారన్న లెక్కలు పోతాయి. ఇంకా శక్తిమంతమైన కంప్యూటర్ కొనడం కూడా మందు కాదు. స్కాన్ జరుగుతున్నప్పుడు ప్రాసెసర్ సాధారణంగా ఖాళీగానే ఉంటుంది, డిస్క్ నుంచో నెట్‌వర్క్ నుంచో జవాబు వచ్చేదాకా ఎదురుచూస్తూ.

స్కానర్ చేసే పని ఇది: ప్రతి ఫోల్డర్‌లోకీ వెళ్లి ఫైళ్ల తేదీ, సైజు చూస్తుంది. పోయినసారికీ ఇప్పటికీ తేడా లేనివాటిని వదిలేస్తుంది. మారినవాటిని తెరిచి ట్యాగులు (పాట, గాయకులు, ఆల్బమ్ పేర్ల వంటి వివరాలు) చదివి డేటాబేస్‌లో రాస్తుంది. కవర్ బొమ్మలను చిన్నవి చేసి దాచుకుంటుంది. వీటిలో ఏ దశ దగ్గర సమయం పోతోందో లాగ్ (సర్వర్ తాను చేసే పనులను రాసుకునే ఫైలు) చెబుతుంది. లిరియాన్ అనే మ్యూజిక్ సర్వర్‌లో (పాత పేరు లాజిటెక్ మీడియా సర్వర్) స్కానర్‌కు విడిగా ఒక లాగ్ ఉంటుంది. నావిడ్రోమ్, జెల్లీఫిన్ అనే సర్వర్లలో సర్వర్ లాగ్‌నే చూడాలి. దశలవారీగా పట్టిన సమయం ఒక కాగితం మీద రాసుకోండి. ఇది లేకుండా ఏ సెట్టింగూ ముట్టుకోవద్దు.

ముందు తేలిక పనులు ముగిద్దాం. సర్వర్ ప్రోగ్రాం, పాటల డిస్క్ ఒకే యంత్రంలో ఉండాలి. ఇందులో నేను రాజీపడను. పాటలు ఒక చోట, సర్వర్ మరోచోట ఉండి మధ్యలో వైఫై ఉంటే, ఒక్కో ఫైలు తెరిచి చదివి మూయడానికి ఐదుసార్లు అటూ ఇటూ కబురు వెళ్లాలనుకోండి. ఒక్కో కబురుకు 10 మిల్లీసెకన్లు. 30,000 పాటలకు 25 నిమిషాలు వట్టి ఎదురుచూపులకే సరి. ఇంటర్నెట్ ప్లాన్ పెంచినా ఇందులో ఒక్క నిమిషం తగ్గదు, ఈ రాకపోకలన్నీ ఇంటి లోపలివి కాబట్టి. విడిగా ఉంచక తప్పకపోతే కేబుల్ వేయండి. కేబుల్ వేశాక కూడా అది గిగాబిట్ (సెకనుకు 1,000 మెగాబిట్లు) వేగంలో కలిసిందో లేదో చూడండి. గిగాబిట్‌కు కేబుల్ లోపలి నాలుగు జతల తీగలూ పనిచేయాలి. ఒక్క జత తెగినా వేగం 100 మెగాబిట్లకు పడిపోవచ్చు, పాట మాత్రం మామూలుగానే వినిపిస్తుంది కనుక ఎవరూ గమనించరు.

డేటాబేస్ ఎస్‌ఎస్‌డీ మీద ఉండాలి. మెమరీ కార్డు మీద వద్దు, నెట్‌వర్క్ ఫోల్డర్‌లో అసలే వద్దు. చాలా మ్యూజిక్ సర్వర్లు వాడే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ నెట్‌వర్క్ ఫోల్డర్ల మీద తాళాల (ఒకేసారి రెండు ప్రోగ్రాంలు రాయకుండా ఫైలుకు వేసే అడ్డు) చిక్కులతో చెడిపోయే ప్రమాదం కూడా ఉంది. యాంటీవైరస్ ఉంటే పాటల ఫోల్డర్‌నూ డేటాబేస్ ఫోల్డర్‌నూ దాని తనిఖీ నుంచి మినహాయించండి. రీసైకిల్ ఫోల్డర్లను, నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కు కలిపే డిస్క్ పెట్టె) తనకు తానుగా సృష్టించుకునే థంబ్‌నెయిల్ (చిన్న బొమ్మల) ఫోల్డర్లను స్కాన్ పరిధి నుంచి తీసేయండి.

కవర్ బొమ్మ ప్రతి పాటలోనూ పొదగడం చెడ్డ అలవాటు. 5 మెగాబైట్ల బొమ్మ, 12 పాటల ఆల్బమ్ అనుకుంటే, ఒకే బొమ్మ 60 మెగాబైట్లు తింటుంది. స్కానర్ దాన్ని 100 మెగాబిట్ల దారిలో చదవాలంటే ఆల్బమ్‌కు సుమారు 5 సెకన్లు. రెండు వేల ఆల్బమ్‌లున్న ఇంట్లో రెండున్నర గంటలు దాటుతుంది. ఫోల్డర్‌కు ఒకే బొమ్మ, వెయ్యి పిక్సెళ్లు, జేపెగ్. అంతకు మించి అక్కర్లేదు.

ఇవన్నీ సరిచేసినా స్కాన్ ఒక చోటికి వచ్చి కదలకుండా నిలబడుతోందంటే, ఏదో ఒక ఫైలో, డిస్క్‌లో ఒక మూలో దాన్ని పట్టి ఆపుతోంది. ఎక్కువ మంది చెడగొట్టుకునేది ఇక్కడే, కాబట్టి తొందరపడకుండా చదవండి.

మొదట సర్వర్‌ను ఆపి, డేటాబేస్ ఫోల్డర్ మొత్తం నకలు తీయండి. నడుస్తుండగా తీసిన నకలును నమ్మవద్దు. తాజా మార్పులు పక్కనున్న మరో ఫైలులో ఉండి, నకలులోకి రాకపోవచ్చు. తర్వాత లాగ్ వివరాల స్థాయి పెంచి స్కాన్ నడపండి. ఆగిపోయినప్పుడు లాగ్‌లో చివర ఉన్న పేరు చూడగానే ఆ ఫైలును చెరిపేసేవారున్నారు. ఆగండి. కొన్ని స్కానర్లు ఫైలు చదవడం మొదలుపెట్టేటప్పుడు పేరు రాస్తాయి, కొన్ని చదివేశాక రాస్తాయి. రెండో రకమైతే చివరి పేరు నిర్దోషి, దోషి దాని తర్వాతిది. ఆ తర్వాతిది అక్షర క్రమంలో తర్వాతిదే కానక్కర్లేదు, ఫైల్ సిస్టమ్ ఏ వరుసలో ఇస్తే ఆ వరుసలో వస్తుంది. అందుకే ఒక్క ఫైలును కాకుండా ఆల్బమ్ ఫోల్డర్‌ను మొత్తంగా పక్కకు పెట్టాలి. అయినా స్కాన్ కదలకపోతే దాన్ని వెనక్కి తెచ్చి, పక్క ఆల్బమ్‌తో అదే పని చేయండి.

పక్కకు పెట్టడమంటే అదే డిస్క్‌లో, లైబ్రరీ బయటి ఫోల్డర్‌లోకి జరపడం. కాపీ చేసి అసలుది చెరిపేయడం కాదు. మామూలు కాపీలో ఫైలు మార్పు తేదీ మారిపోవచ్చు. రేపు తిరిగి తెచ్చినప్పుడు స్కానర్‌కు ప్రతి పాటా కొత్తదిగా కనిపిస్తుంది. మొత్తం లైబ్రరీని కొత్త డిస్క్‌కు ఇలా కాపీ చేసినవారికి మళ్లీ మొత్తం స్కాన్ తప్పదు. డిస్క్ మార్చక తప్పనప్పుడు తేదీలను నిలబెట్టే ఆర్‌సింక్ లాంటి సాధనం, దాని ఆర్కైవ్ ఐచ్ఛికంతో వాడండి.

ఆల్బమ్ తీశాక స్కాన్ సాఫీగా సాగితే, ఆ ఆల్బమ్‌లోని పాటలను ఒక్కొక్కటిగా పరీక్షించండి. ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించిన పాట) ఫైళ్లకు ఫ్లాక్ ప్రోగ్రాంలోనే పరీక్షించే ఐచ్ఛికం ఉంది. వేరియబుల్ బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా పాట పొడవునా మారుతుండే) ఎంపీత్రీలలో మొదట ఉండాల్సిన సమాచార శీర్షిక లేకపోతే, నిడివి లెక్కించడానికి కొన్ని స్కానర్లు ఫైలంతా చదువుతాయి. గంటల నిడివి రికార్డింగులైతే అది బాగా తెలుస్తుంది. అలాంటి శీర్షికను మళ్లీ రాసిపెట్టే సాధనాలున్నాయి.

పాటలు పరీక్షలో నెగ్గినా చదవడానికి పదేసి సెకన్లు తీసుకుంటుంటే తప్పు డిస్క్‌ది. పాడైన సెక్టార్‌ను (డిస్క్‌లోని ఒక చిన్న భాగాన్ని) హార్డ్ డిస్క్ మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది, సర్వర్ అంతసేపూ ఆగుతుంది. డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ నివేదికలో 197వ అంశం, పెండింగ్ సెక్టార్ల సంఖ్య, సున్నా కాకపోతే స్కాన్ సంగతి అక్కడితో వదిలేయండి. ముందు పాటలన్నీ మరో డిస్క్‌కు భద్రంగా చేర్చండి.

డిస్క్ ఆరోగ్యంగా ఉంటే, బాగుచేసిన ఆల్బమ్‌ను తన చోటికి, ఈసారి కూడా జరిపే తీసుకురండి. కొత్త, మారిన ఫైళ్లకే పరిమితమైన స్కాన్ నడపండి. లాగ్ స్థాయిని మామూలు స్థితికి దించి, దశల సమయాలను మొదట రాసుకున్న కాగితంతో పోల్చండి. తేడా కనిపించని దశ ఇంకా ఉంటే, తర్వాత చూడాల్సింది అదే.