వార్డులో వంద ఇండ్లకు సోలార్: లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి, పని ఎవరి చేతికివ్వాలి

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఒక వార్డుకు సోలార్ ప్లాన్ వేసేవాళ్లు ముందు డాబాలు ఎక్కకండి, కరెంటు బిల్లులు అడగండి. 200 యూనిట్ల లోపు వాడి గృహజ్యోతి కింద జీరో బిల్లు అందుకుంటున్న ఇంటికి సోలార్‌తో మిగిలేది పెద్దగా ఉండదు. వాళ్ల చుట్టూ తిరిగితే చెప్పులరగడమే. నెలకు 300 దాటే ఇండ్లను మొదటి వరుసలో రాసుకోండి.

బిల్లు మీద మూడు సంగతులు చూడాలి: యూఎస్‌సీ నంబరు (మీ కనెక్షన్‌కిచ్చిన ప్రత్యేక సంఖ్య), పేరు, కాంట్రాక్టెడ్ లోడు (ఆ కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు). మీటరు తాత పేరు మీద, బ్యాంకు ఖాతా మనవడి పేరు మీద ఉంటే సబ్సిడీ దగ్గర ఫైలు ఆగుతుంది. పేరు మార్పిడి ముందే చేయించాలి. లోడు తక్కువుందని మాత్రం వెనక్కి తగ్గక్కర్లేదు. 2024లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల వరకు సాధ్యాసాధ్యాల పరిశీలన అక్కర్లేదు, లోడు పెంచే పని కూడా డిస్కమ్‌దే (కరెంటు పంపిణీ సంస్థదే).

ఇంటి సోలార్‌కు కేంద్రమిచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు. మొత్తం 78 వేలు. 3 కిలోవాట్లు దాటి ఎంత పెట్టినా అంతే. ప్యానెల్ లోపలి సెల్ కూడా మన దేశంలో తయారైనదై ఉండాలి, కొటేషన్‌లో 'డీసీఆర్' అన్న మాట లేకపోతే సంతకం పెట్టొద్దు.

ఇక ట్రాన్స్‌ఫార్మర్. ఏ ఇల్లు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద, ఏ ఫేజ్ (మూడు కరెంటు తీగల్లో ఏది) మీద ఉందో లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని రాసుకోండి. ఈ పని చాలామంది వదిలేస్తారు. సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్లన్నీ (ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీగా మార్చే పెట్టెలు) ఒకే ఫేజ్ మీద పడితే మధ్యాహ్నం ఆ ఫేజ్‌లో వోల్టేజీ పెరుగుతుంది, పరిమితి దాటగానే ఇన్వర్టర్లు ఆగిపోతాయి. ఎండ మండుతుంటే ఉత్పత్తి సున్నా! జనం ప్యానెల్‌ను తిడతారు, తప్పేమో జాబితా వేయని మనది. సన్న వైరు దీన్ని ఇంకా పెంచుతుంది. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా 30 మీటర్లుంటే 2.5 చదరపు మి.మీ. రాగి వైరులో దాదాపు 6 వోల్టుల తేడా వస్తుంది, 6 చదరపు మి.మీ. వైరైతే రెండున్నర దాటదు. వైరు మీద మిగిల్చిన డబ్బు ఆగిన యూనిట్ల రూపంలో పోతుంది.

అప్పుడు డాబా ఎక్కండి. కిలోవాట్‌కు నీడ పడని వంద చదరపు అడుగులు కావాలి. 3 కిలోవాట్లకు 540 వాట్ల ప్యానెళ్లయితే ఆరు చాలు, ఒక్కోటి సుమారు 28 కిలోలు. దక్షిణం వైపు ముఖం, 15 డిగ్రీల వాలు. నీడను వేసవిలో చూసి మోసపోవద్దు, డిసెంబరు లెక్కే లెక్క. డిసెంబరు ఉదయం తొమ్మిదికి మన దగ్గర సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణపు పిట్టగోడ ప్యానెల్ కింది అంచు కన్నా 3 అడుగులు ఎత్తుంటే నీడ ఉత్తరానికి దాదాపు మూడున్నర అడుగులు పాకుతుంది, అంత జాగా వదలండి. నీళ్ల ట్యాంకు, మెట్ల గది ప్యానెళ్లకు ఉత్తరాన ఉంటే నిశ్చింత. పాత మట్టి మిద్దెకు, బండలు పరిచిన కప్పుకు మేకు దించొద్దు. కారితే ఇంటాయనతో మాటలు పడేది మీరే.

ఈ ప్రాంతంలో అన్నిటికన్నా మొండి పని ఎర్తింగ్. ఎర్ర చల్క కింద నాలుగైదు అడుగులకే రాయి తగులుతుంది, పది అడుగుల రాడ్డు దిగదు. దిగని మేర కోసేసి సిమెంటు పూసి పోయేవాళ్లున్నారు. అలా చేస్తే ఇన్వర్టర్ లోపలి బోర్డుల్ని మొదటి పిడుగుకు అప్పగించినట్టే. రాయి తగిలితే ఇంకో చోట తవ్వండి, లేదా రెండు రాడ్లు దూరంగా పాతి కలపండి, చుట్టూ బెంటొనైట్ (తేమ పట్టి ఉంచే బంకమట్టి) నింపండి. ప్యానెల్ స్టాండ్లకు, ఇన్వర్టర్‌కు, పిడుగు నిరోధకానికి వేర్వేరుగా మూడు గుంతలు. రీడింగ్ 5 ఓమ్‌ల లోపు రావాలి. వానాకాలంలో 3 చూపించిన గుంత మే నెలలో 12 చూపించొచ్చు. కాబట్టి కొలత ఎండాకాలంలోనే తీయండి, వేసవిలో వారానికి రెండు బకెట్ల నీళ్లు పోయమని ఇంటివాళ్లకు చెప్పండి.

డీసీ వైపు ఆరు ప్యానెళ్లు వరుసగా కలిస్తే 300 వోల్టులకు దగ్గర పడుతుంది. ఎండలో ఆ కనెక్టర్ ఊడదీస్తే నిప్పు సాగుతుంది, చేయి కాలుతుంది. ముందు ఇన్వర్టర్, తర్వాత డీసీ స్విచ్ ఆపాలి, కనెక్టర్‌ను ముట్టుకునేది ఆ తర్వాతే. రెండు కంపెనీల కనెక్టర్లను జత చేయొద్దు. బిగుతుగా పట్టినట్టే ఉంటుంది గానీ లోపల వేడెక్కి కరుగుతుంది. వైర్లన్నీ పైపుల్లో పోనివ్వండి, కోతులు వేలాడే తీగను వదలవు.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుందని ఇంటివాళ్లకు ముందే చెప్పండి. ఆగకపోతే స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం మీదికొస్తుంది, అందుకే ఇన్వర్టర్ అలా చేస్తుంది.

ఇప్పుడు ఉపాధి లెక్క. నలుగురి జట్టు ఒక ఇంటిని రెండు రోజుల్లో ముగిస్తుంది. వంద ఇండ్లంటే 200 రోజులు. అంటే ఒక స్థానిక జట్టుకు ఇంచుమించు ఎనిమిది నెలల పని. అదే వంద ఇండ్లను నెలన్నరలో ముగించాలని తొందరపడితే హైదరాబాద్ నుంచి ఐదారు జట్లు దిగుతాయి, పని అయ్యాక ఊళ్లో రిపేరు తెలిసినవాడు ఒక్కడూ మిగలడు. అందుకే వీధి తర్వాత వీధిగా సాగదీయడమే మేలు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, వైర్‌మన్, ఫిట్టర్ చదివినవాళ్లను 600 గంటల సూర్యమిత్ర (సోలార్ బిగింపు నేర్పే) శిక్షణకు పంపండి. వెండర్‌తో ఒప్పందంలోనే ఐదేళ్ల మెయింటెనెన్స్ పని ఈ జట్టుకే ఇవ్వాలని రాయించండి. జట్టు దగ్గర డీసీ కొలిచే క్లాంప్ మీటరు, మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ పరీక్షించేది), ఎర్త్ టెస్టర్, క్రింపింగ్ టూల్, ఒంటికంతా తొడిగే సేఫ్టీ బెల్టు ఉండాలి.

కడిగే పని వేరు. మిర్యాలగూడ వైపు రైసుమిల్లుల ఊక బూడిద, సిమెంటు ఫ్యాక్టరీల పక్కన మంచుకు తడిసి గట్టిపడే దుమ్ము... నెలకు రెండుసార్లైనా కడగాల్సిందే. బోరు నీళ్లు వాడితే సున్నపు చారలు మిగులుతాయి, ఆ చారలు మళ్లీ గీకినా పోవు. భగీరథ నీళ్లు పట్టుకోండి. ఎండెక్కాక చల్లనీళ్లు పోస్తే అద్దం పగిలే ప్రమాదముంది, ఉదయం 6 నుంచి 9 లోపే. ఇద్దరు కలిసి ఆ మూడు గంటల్లో ఐదిండ్లు చేయగలరు. వంద ఇండ్లకు రెండు విడతలు, అంటే రెండు జంటలకు నెలలో 20 ఉదయాలు. ఇంటికి ఒక కడుగుడుకు 150 పెట్టుకుంటే మనిషికి నెలకు 7,500. పూర్తి జీతం కాదు, సగం పూట పని. మెప్మా (పట్టణ పొదుపు) సంఘాల మహిళలకు అప్పజెప్పడానికి సరిపోతుంది. కాకపోతే డాబా అంచున నిలబడే పని, బెల్టు లేకుండా పంపొద్దు.

ఇంటింటి యూనిట్లు వారానికోసారి ఒక పుస్తకంలో రాయించండి. ఎండ రోజున 3 కిలోవాట్లకు 12 యూనిట్ల దాకా రావాలి. ఒకే వీధిలో ఒకరికి 12, పక్కింటికి 8 వస్తే ముందు కడగండి, తర్వాత కొత్తగా లేచిన గోడో చెట్టుకొమ్మో నీడ పడుతోందేమో చూడండి, ఇన్వర్టర్ మూత తీసేది ఆ తర్వాతే.