ఏడిళ్ళ జాతి పిల్లిని ఇంటికి తెచ్చుకునే విధానం

పర్షియన్ పిల్లిని వేలు పోసి కొని, వచ్చినవారందరికీ దాని వంశవృక్షపు కాగితం చూపించే మిత్రులు విశాఖపట్నంలో నాకు ఇద్దరున్నారు. వారి ఎదుట ఏమాత్రం చిన్నబోనక్కరలేని జాతి ఒకటి మన మెట్ల కిందనే పుట్టి పెరుగుతున్నది, అదే మన వీధి పిల్లి. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందన్న పెద్దల మాటను బట్టి మా ఇంట్లో దీనిని ఏడిళ్ళ జాతి అంటాము. ఫిషింగ్ హార్బరు నుంచి పూర్ణా మార్కెట్ మీదుగా ఎం.వి.పి. కాలనీ దాకా గోడలన్నీ దీనికి పిత్రార్జితమే. గోడమీది పిల్లి అని మనుషులను నిందిస్తాము గాని, ఈ జాతికి అది నిలువెత్తు ఫోటోకు తగిన భంగిమ.

జాతి లక్షణాలు తెలుసుకోవడం కష్టం కాదు. చారల పిల్లికి నుదుటి మీద ఇంగ్లీషు ఎం అక్షరం వంటి గుర్తు ఉంటుంది. మా అత్తగారు మాత్రం అది సింహాచలం అప్పన్న నామమేనని వాదిస్తారు. నారింజ రంగును నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉండడం వల్ల నారింజ పిల్లుల్లో మగవి ఎక్కువ, మూడు రంగులవి దాదాపు అన్నీ ఆడవే. కాబట్టి మూడు రంగుల దానికి భీముడని పేరు పెట్టే ముందు ఒకసారి ఆలోచించండి. ఒక చెవి కొన సమంగా కత్తిరించి ఉంటే అది లోపం కాదు, దానికి సంతాన నిరోధక శస్త్రచికిత్స ఇదివరకే జరిగిందనడానికి గుర్తు.

ఒంటరిగా కనిపించిన కూనను వెంటనే ఎత్తుకురాకండి. తల్లి ఇల్లు మారుస్తూ మిగిలిన పిల్లలను మోసుకుపోతూ ఉండవచ్చు. కొన్ని గంటలు దూరం నుంచి గమనించి, ఆపదలో ఉంటే తప్ప, కూనకు 8 వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండనివ్వడం మంచిది. పెద్ద పిల్లి అయితే, ఎంపిక చేసుకునేది అదే. రోజూ ఒకే వేళకు ఒకే చోట తిండి పెట్టి, దాని వంక తదేకంగా చూడకుండా, చూపులు కలిసినప్పుడు కళ్ళు నెమ్మదిగా మూసి తెరుస్తూ కూర్చోవాలి. మా బంగారి అక్టోబరు వాయుగుండం వానలో స్కూటరు కిందికి చేరి, పదకొండు రోజులు నేను లోపలికి వెళ్ళాకనే పళ్ళెం ముట్టుకుంది; పన్నెండో రోజున వచ్చి నేను చదువుతున్న పేపరు మీద, సరిగ్గా నేను చదువుతున్న వార్త మీదనే కూర్చుంది. దత్తత అంతటితో పూర్తయింది.

మొదటి వారం ఒకే గదిలో ఉంచండి. లోతు తక్కువ టబ్బులో పొడి ఇసుక పోస్తే చాలు, మిగిలిన విద్య దానికి వచ్చు. బీచ్ ఇసుక తెచ్చి పోయకండి. అది తడిగా ఉంటుంది, ఉప్పుగానూ ఉంటుంది.

తిండి విషయంలో మన తొలి పొరపాటు పాలు. కళ్ళు మూసుకుని తాగుతుందన్న మాట నిజమే గాని, పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగక విరేచనాలు అవుతాయి. గిన్నె నిండా మంచినీళ్ళు పెట్టండి. నెత్తళ్ళ వంటి చిన్న చేపలను ఉప్పు కారం లేకుండా ఉడికించి, చల్లార్చి పెట్టవచ్చు. బంగారి తలకాయ మొదట నమిలి, తోక నాకు గౌరవంగా వదిలిపెడుతుంది. అయితే పులుసు ముక్క వద్దు, ఎందుకంటే ఉల్లి, వెల్లుల్లి పిల్లుల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. పెద్ద చేపల ముళ్ళు తీసేయాలి. రోజూ చేపలే పెట్టినా పోషణ చాలదు గనుక, పిల్లుల కోసం తయారైన ఆహారం ప్రధానంగా ఉండాలి. పెరుగన్నంతో దీనిని శాకాహారిగా మార్చాలన్న ప్రయత్నం మానుకోండి, టారిన్ వంటి పోషకాలు దానికి మాంసాహారం నుంచే అందుతాయి. జ్వరంగా ఉందని పారాసెటమాల్ ఎన్నడూ వేయకూడదు. ఒక్క మాత్ర కూడా ప్రాణం తీయగలదు.

తెచ్చిన కొద్ది రోజుల్లోనే పశువైద్యునికి చూపించి నులిపురుగుల మందు వేయించండి. కూనకు 8 వారాలకు ట్రైక్యాట్ టీకా (పిల్లులకు వచ్చే మూడు వైరస్ వ్యాధులకు కలిపి వేసేది), 3, 4 వారాల తర్వాత బూస్టరు, 12 వారాలు దాటాక రేబిస్ టీకా అవసరం. తర్వాతి మోతాదులు వైద్యుడు చెప్పినట్లు వేయించాలి. ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టి, దాదాపు 9 వారాల్లో ఈనుతుంది కాబట్టి శస్త్రచికిత్స గురించి ముందే మాట్లాడుకోకపోతే, ఏడిళ్ళలో మొదటి ఇల్లు మీదే అవుతుంది. ఈలోగా అది కరిచినా, రక్కినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరును కలవండి.

ఆస్పత్రి కార్డులో జాతి అని ఒక గడి ఉంటుంది. బంగారిని తొలిసారి తీసుకువెళ్ళినప్పుడు నేను అందులో గుండ్రంగా ఏడిళ్ళు అని రాశాను. డాక్టరుగారు అది చదివి, ఏమాత్రం నవ్వకుండా, పక్క గడిలో బరువు వేసుకున్నారు: 3 కిలోల 200 గ్రాములు.