పాత వాదనలు చదవడం – 4వ పాఠం: ‘అవసరం’ అన్న మాట మీద నిలబడ్డ బ్యాంకు

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. 1790 ఫిబ్రవరిలో, న్యూయార్క్‌లో సమావేశమైన అమెరికా ప్రతినిధుల సభ ముందు, ఆ సభ సభ్యుడు జేమ్స్ మాడిసన్ ఒక ప్రతిపాదన పెట్టాడు. దాని వల్ల ఎవరికి ఎంత వస్తుందో నోట్‌బుక్‌లో లెక్క వేయమన్నాను. ముందు అది చూసేద్దాం.

స్వాతంత్ర్య యుద్ధంలో జీతం కింద ఒక సైనికుడికి 100 డాలర్ల అప్పు పత్రం ఇచ్చారనుకోండి. ఏళ్లు గడిచినా డబ్బు రాలేదు. ఇల్లు గడవక దాన్ని 20 డాలర్లకు అమ్మేసుకున్నాడు. ఇప్పుడేమో ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్, పత్రం ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే దాని విలువ లెక్కగట్టి ఇస్తామంటున్నాడు. మాడిసన్ ఒప్పుకోలేదు. కొన్నవాడికి మార్కెట్లో పలికిన గరిష్ఠ ధర ఇద్దాం, మిగిలింది మొదట పత్రం అందుకున్నవాడికి ఇద్దాం అన్నాడు. ఆ ధర 50 అనుకుంటే కొన్నవాడికి 50, సైనికుడికి 50. సభలో దీనికి 13 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా 36.

ఈ లెక్క వేయగానే ‘మాడిసన్ పేదవాడి పక్షం, హామిల్టన్ డబ్బున్నవాళ్ల మనిషి’ అని రాసి నోట్‌బుక్ మూసేయాలనిపిస్తుంది. అలా రాసి ఉంటే కొట్టేయక్కర్లేదు, పక్కన ఇంకో వాక్యం చేర్చండి. పత్రం కొన్నవాడికి చివర్లో సగమే ఇస్తారని ఒకసారి తెలిశాక, ప్రభుత్వం మళ్లీ అప్పుకు వెళ్తే ఆ పత్రాల్ని ఎవరు కొంటారు? హామిల్టన్ బలమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. అది మీకు నచ్చాలని లేదు. కానీ ఎవరి వాదననైనా వాళ్లే చదివి ‘అవును, నేనన్నది ఇదే’ అనేలా రాయగలగాలి. ఈ పాఠాలన్నిటిలో నేను పట్టుబట్టేది దాని గురించే.

ఇవాళ్టి పనికి ఒకే ఒక్క మాట చాలు.

1790 డిసెంబరులో హామిల్టన్ జాతీయ బ్యాంకు పెడదామని కాంగ్రెస్‌కు (ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన అమెరికా చట్టసభ) నివేదిక ఇచ్చాడు. మూలధనం కోటి డాలర్లు, అందులో 20 లక్షలు ప్రభుత్వానివి, మిగతాది ప్రైవేటు వాటాదారులది. షేరు 400 డాలర్లు. 20 ఏళ్ల అనుమతి. రాజధాని అప్పటికే న్యూయార్క్ నుంచి ఫిలడెల్ఫియాకు మారింది, బ్యాంకు కూడా అక్కడే. బిల్లు సెనేట్ దాటింది. 1791 ఫిబ్రవరి 8న ప్రతినిధుల సభలో 39–20తో నెగ్గింది. ఇక అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ సంతకం పెట్టాలి, పెట్టకపోతే పది రోజుల్లో (ఆదివారాలు లెక్కలోకి రావు) వెనక్కి పంపాలి. ఆయనకు అనుమానం పట్టుకుంది. అసలు రాజ్యాంగంలో బ్యాంకు అన్న మాటే లేదు కదా?

అటార్నీ జనరల్ ఎడ్మండ్ రాండాల్ఫ్‌ను అడిగాడు, కుదరదన్నాడు. విదేశాంగ మంత్రి థామస్ జెఫర్సన్‌ను అడిగాడు, ఆయనా కుదరదనే రాసిచ్చాడు. ఆ రెండు అభిప్రాయాల్నీ హామిల్టన్‌కు పంపి జవాబు చెప్పమన్నాడు. ఇంకోపక్క, ఒకవేళ వీటో చేయాల్సి వస్తే ఎలా రాయాలో ముసాయిదా తయారు చేసి పెట్టమని మాడిసన్‌కు చెప్పాడు. వాషింగ్టన్ పద్ధతి అంటే నాకు ఇష్టం. తనకు తెలియనిది తెలియదని ఒప్పుకుని, రెండు వైపులా కాగితం మీద రాయించుకునేవాడు. మనకిప్పుడు చదువుకోడానికి ఇంత సరుకు దొరికిందంటే ఆయన పుణ్యమే.

రాజ్యాంగం మొదటి అధికరణ 8వ సెక్షన్‌లో కాంగ్రెస్‌కున్న అధికారాల జాబితా ఉంది. పన్నులు వేయడం, అప్పు తేవడం, వాణిజ్యాన్ని నియంత్రించడం, సైన్యాన్ని పోషించడం, ఇలా. జాబితా చివర, ఈ అధికారాల్ని అమలు చేయడానికి ‘నెసెసరీ అండ్ ప్రాపర్’ అయిన చట్టాలన్నీ చేయొచ్చు అని ఉంది. గొడవంతా ఆ మొదటి మాట దగ్గరే.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. ఈ అభిప్రాయాలు మొదటిసారి చదివినప్పుడు నోట్స్ తెలుగులో రాసుకున్నాను. నెసెసరీకి ఎదురుగా ‘తప్పనిసరి’ అని రాశాను. రెండు రోజుల పాటు హామిల్టన్ రాసిందంతా మొండివాదనలా, జెఫర్సన్‌ది సూటిగా కనిపించింది. మూడో రోజు అర్థమైంది, తీర్పు నేను అనువాదంలోనే ఇచ్చేశానని. తప్పనిసరి అంటే అది లేకపోతే పని ఆగిపోవాలి. అదే ‘అవసరం’ అంటే? ఇంట్లో పెళ్లి సామాను రాసేటప్పుడు వినండి. ‘షామియానా అవసరం’ అంటారు. షామియానా లేకపోతే పెళ్లి ఆగదు, ఆ సంగతి అందరికీ తెలుసు. జాబితా పొడుగైపోతుంటే ఎవరో ఒకరు ‘ఇదంతా ఇప్పుడు అవసరమా?’ అని కూడా అంటారు. ఒకే మాట, ఒకే ఇంట్లో, రెండు కొలతలు. ఇంగ్లిష్‌లో ఆ మాటకూ అదే పరిస్థితి. కాబట్టి కీలకమైన మాట దొరికినప్పుడు తొందరపడి తెలుగు చేయకండి. ముందు ఖాళీ వదిలి, ఎవరు ఏ కొలతతో వాడుతున్నారో చూశాక నింపండి.

జెఫర్సన్ కొలత కఠినం. పన్నులు వసూలు చేయడం, అప్పు తేవడం బ్యాంకు లేకుండానే జరుగుతాయి, కాబట్టి బ్యాంకు అవసరం కాదు, సౌకర్యం మాత్రమే అంటాడు. రాజ్యాంగం అవసరమైన సాధనాలకే అనుమతి ఇచ్చింది, సౌకర్యాలకు ఇవ్వలేదు. సౌకర్యాన్ని కూడా అవసరం కింద కట్టేస్తే, ఏ అధికారానికైనా ఏదో ఒకటి సౌకర్యంగానే కనిపిస్తుంది, ఇక జాబితా రాసుకుని ఏం లాభం? ఆయన భయం అది. కేంద్రానికి ఇవ్వని అధికారాలు రాష్ట్రాలకో ప్రజలకో ఉంటాయన్న సవరణను ఆయన తన వాదనకు పునాదిగా వేసుకున్నాడు. ఇప్పుడు మనం పదో సవరణ అనేది అదే, అప్పటికి ఇంకా పూర్తిగా ఆమోదం పొందలేదు. (గ్రూప్స్‌కి చదివేవాళ్లు పక్కన రాసుకోండి: మన రాజ్యాంగంలో ఇది తలకిందులు. ఏ జాబితాలోనూ లేని విషయం 248వ అధికరణ ప్రకారం పార్లమెంటుకు వెళ్తుంది. జెఫర్సన్ వింటే గుండె పట్టుకునేవాడు.)

హామిల్టన్ జవాబు ఫిబ్రవరి 23న అందింది. జెఫర్సన్ రాసింది కొన్ని పేజీలే, ఇది దానికి ఎన్నో రెట్లు. అంతా చదవక్కర్లేదు, మూడు చోట్ల ఆగితే చాలు.

మొదటిది మాట గురించే. మామూలు వాడుకలో అవసరం అంటే ఉపయోగపడేది, పనికి తోడ్పడేది అని కూడా అర్థం కదా అంటాడు. జెఫర్సన్ చదివే పద్ధతిలో ఆ మాటకు ముందు ‘పూర్తిగా’ అనో ‘విడదీయలేనంతగా’ అనో లేని మాటను చేర్చినట్టవుతుందని పట్టుకుంటాడు.

రెండో చోట ఎదుటివాళ్ల కొలతను వాళ్లు ఒప్పుకున్న పని మీదే పెట్టి చూస్తాడు. కాంగ్రెస్ అప్పటికే లైట్‌హౌస్‌ల నిర్వహణకు చట్టం చేసి ఉంది. లైట్‌హౌస్ లేకపోతే ఓడల వాణిజ్యాన్ని నియంత్రించడం అసాధ్యమా? కాదు. మరి ఆ చట్టం ఎలా చెల్లింది? షామియానాకు సరేనన్నవాళ్లు మేళం దగ్గర ఎలా అడ్డుపడతారు అన్నట్టు. ఈ ఎత్తు గుర్తుపెట్టుకోండి. ఎవరైనా ఒక నియమం చెబితే, ఆ నియమం ప్రకారం వాళ్లు ఇంతకుముందే చేసిన ఏ పని చెల్లకుండా పోతుందో వెతకండి.

మూడో చోటును చాలామంది దాటేస్తారు, నాకేమో అన్నిటికంటే ముఖ్యం. మీ అర్థానికి హద్దెక్కడ అని అడిగితే హామిల్టన్ దగ్గర జవాబుంది. లక్ష్యం జాబితాలో ఉన్న అధికారంలోకి రావాలి, సాధనానికి దానితో కనిపించే సంబంధం ఉండాలి, రాజ్యాంగం దాన్ని నిషేధించి ఉండకూడదు. ఉదాహరణ కూడా ఇస్తాడు: ఫిలడెల్ఫియా నగర అంతర్గత పాలనను చూసుకోడానికి కాంగ్రెస్ ఒక కార్పొరేషన్ (బ్యాంకులా చట్టంతో ఏర్పడే సంస్థ) పెట్టడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ నగర పాలన వ్యవహారం కాంగ్రెస్ చేతిలో లేదు. అంటే ‘ఏదైనా చేయొచ్చు’ అని ఆయన అనలేదు. హామిల్టన్ మీద ఆ నింద వేసేవాళ్లు ఈ ఉదాహరణ చదివి ఉండరు.

అలాగే జెఫర్సన్‌ది కూడా చివరి పేరా దాకా చదవండి. ఇంత గట్టిగా వాదించినవాడు, చివర్లో వాషింగ్టన్‌తో ఒక మాటంటాడు: అటూ ఇటూ వాదనలు సమంగా తూగి తేల్చుకోలేకపోతే, చట్టసభ మీద గౌరవంతో వాళ్ల వైపే మొగ్గండి. వీటో అన్నది స్పష్టంగా తప్పు కనిపించిన చోటే వాడాలని ఆయన ఉద్దేశం. వాషింగ్టన్ ఫిబ్రవరి 25న సంతకం పెట్టాడు. హామిల్టన్ ఒప్పించాడా, లేక ఈ చివరి పేరా కూడా ఒక చెయ్యి వేసిందా అన్నది మీ నోట్‌బుక్‌లో ప్రశ్నగానే ఉండనివ్వండి.

ఇక మాటల కింద ఉన్న సంగతి. సభలో వ్యతిరేకంగా పడిన 20 ఓట్లు దాదాపు అన్నీ మేరీలాండ్, దాని దిగువన ఉన్న దక్షిణ రాష్ట్రాలవి. పదేళ్ల తర్వాత రాజధాని పొటోమాక్ నది ఒడ్డుకు, అంటే వర్జీనియా గడప దగ్గరికి రావాలని అంతకు ముందు ఏడాదే చట్టం అయింది. ఫిలడెల్ఫియాలో 20 ఏళ్లకు బ్యాంకు పాతుకుపోతే రాజధాని అక్కణ్ణుంచి కదులుతుందా అన్న టెన్షన్ వర్జీనియా వాళ్లకు ఉంది. పైగా చేతిలో డబ్బుండి షేర్లు కొనగలిగేది ఎక్కువగా ఉత్తరాది వ్యాపారులు. దక్షిణాది ఆస్తి భూమి, బానిసలు. సొంత భూమి దున్నుకునే స్వతంత్ర రైతే దేశానికి బలమన్న జెఫర్సన్ పొలాల్లో పని చేసింది బానిసలే. అది పక్కన పెట్టి ఆయన్ని చదవడం నా వల్ల కాదు.

అయితే ఇదంతా తెలిశాక ఒక గుంతలో పడే ప్రమాదం ఉంది. ‘అసలు కారణం రాజధాని, రాజ్యాంగం వట్టి సాకు’ అని తేల్చేస్తాం. వాదించేవాడికి లాభం ఉన్నంత మాత్రాన వాదన తప్పయిపోదు. లాభాన్ని ఒక పేజీలో, వాదనను ఇంకో పేజీలో రాయండి, కలపకండి. కలిపితే అమెరికా చరిత్రే కాదు, సాయంత్రం టీవీ చర్చ కూడా అర్థం కాదు.

మాటను పరీక్షించడానికి ఇంకో దారి, ఒకే మనిషిని వేర్వేరు ఏళ్లలో చూడటం. మాడిసన్‌ను తీసుకుందాం. 1788లో రాజ్యాంగాన్ని సమర్థిస్తూ రాసిన ఫెడరలిస్ట్ 44వ వ్యాసంలో, లక్ష్యాన్ని అప్పగించారంటే సాధనాలకూ అనుమతి ఇచ్చినట్టేనన్నాడు. 1791లో అదే వాక్యాన్ని ఆనుకుని నిలబడ్డ బ్యాంకును సభలో వ్యతిరేకించాడు. 1811లో ఆయన అధ్యక్షుడు. బ్యాంకు అనుమతి పొడిగింపు సెనేట్‌లో 17–17 దగ్గర ఆగితే, ఉపాధ్యక్షుడు జార్జ్ క్లింటన్ ఓటుతో ఓడిపోయింది. తర్వాత బ్రిటన్‌తో యుద్ధం వచ్చింది, ఖజానా ఖాళీ అయింది. 1815లో ఒక బ్యాంకు బిల్లును మాడిసన్ వీటో చేశాడు, కానీ రాజ్యాంగం అనుమతిస్తుందా లేదా అన్న ప్రశ్నను పక్కన పెట్టేశాడు. చట్టసభలు, ప్రభుత్వాలు, కోర్టులు ఇన్నేళ్లుగా బ్యాంకును ఆమోదించాయి, ప్రజలూ ఒప్పుకున్నారు, అందుకని ఆ ప్రశ్న తీరిపోయిందన్నాడు. 1816లో 3.5 కోట్ల డాలర్ల మూలధనంతో రెండో బ్యాంకు బిల్లుకు సంతకం పెట్టింది ఆయనే.

గోడ మీద పిల్లి అని నవ్వేయొచ్చు. కాస్త ఆగి చూస్తే, మాట అర్థాన్ని మొదట్లో రాజ్యాంగంలో రాసి ఉన్న మాటల్లోనే వెతికినవాడు, పాతికేళ్ల తర్వాత జనం దాన్ని ఎలా వాడుతూ వచ్చారన్న దాంట్లో వెతికాడు. అది కూడా ఒక పద్ధతే. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మీ ఇష్టం.

చివరికి 1819లో సంగతి సుప్రీంకోర్టుకు చేరింది. మేరీలాండ్ రాష్ట్రం రెండో బ్యాంకు శాఖ మీద పన్ను వేసింది, బాల్టిమోర్ శాఖ క్యాషియర్ జేమ్స్ మెక్‌కలక్ కట్టలేదు. ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ రాజ్యాంగంలో ఇంకో పేజీ తిప్పాడు. మొదటి అధికరణ 10వ సెక్షన్‌లో, రాష్ట్రాలు సరుకుల తనిఖీకి ‘పూర్తిగా అవసరమైన’ మేరకు తప్ప దిగుమతుల మీద సుంకం వేయకూడదని ఉంది. అక్కడ ‘పూర్తిగా’ అని చేర్చినవాళ్లు 8వ సెక్షన్‌లో చేర్చలేదంటే, రెండింటికీ కొలత ఒకటి కాదన్నమాట. బ్యాంకు నిలబడింది, రాష్ట్రం పన్ను కొట్టేశారు. 28 ఏళ్ల కింద హామిల్టన్ ‘లేని మాటను చేరుస్తున్నారు’ అన్నాడు, మార్షల్ ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు.

వచ్చే పాఠానికి పని. 1791 మార్చిలో విస్కీ మీద పన్ను వచ్చింది. పట్టణాలకు బయట ఉన్న బట్టీలకు, బట్టీ ఎన్ని గాలన్లు పట్టేదైతే గాలన్‌కు ఏడాదికి 60 సెంట్ల చొప్పున వేశారు. 50 గాలన్ల బట్టీలు రెండు ఉన్నాయనుకోండి. ఒకదాని యజమాని పంట చేతికొచ్చాక కొన్ని వారాలు కాచి 200 గాలన్లు తీశాడు, రెండోవాడు ఏడాది పొడుగునా నడిపి 600 తీశాడు. ఇద్దరికీ గాలన్ విస్కీకి ఎంత పన్ను పడిందో లెక్క వేయండి. దాని కింద ఈ పన్నును సమర్థిస్తూ ఐదు వాక్యాలు, వ్యతిరేకిస్తూ ఐదు వాక్యాలు రాయండి. వాటిలో ‘న్యాయం’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో చూసి, వచ్చిన ప్రతిచోటా దాని కింద గీత గీసి పెట్టుకోండి.