నిమ్మతోటల దారిలో వ్యాను సెలవులు: రాత్రి బస ఎక్కడ చేయాలి

వ్యానులో పరుపులు, స్టవ్వు, నీళ్ల ట్యాంకు అమర్చుకున్నాక ముందుగా తేల్చుకోవలసింది రాత్రి బండి ఎక్కడ ఆపాలన్నదే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి బళ్ల కోసమే కట్టిన బసలు ఊరూరా ఉండవు. మనకు దొరికేవి తోటలు, కళ్లాలు, చెరువు కట్టలు, గుడి సత్రాలు, సముద్రపు ఒడ్డు. వీటిలో కొన్ని పగటికే బాగుంటాయి, కొన్ని రాత్రికి కూడా పనికొస్తాయి. మా నాన్న పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో గుమాస్తాగా పనిచేశారు. తోటల సంగతులు నాకు ఆయన దగ్గరే తెలిశాయి. బండి నడిపేది మావారు, మజిలీ నిర్ణయించేది నేను. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు, ఇద్దరు పిల్లలు మాతో వస్తారు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా కుటుంబంతో వెళ్లేవారికి.

అన్నిటికంటే నాకు నచ్చేది నిమ్మతోట. పొదలకూరు నుంచి రాపూరు దాకా, అటు సైదాపురం వైపు, రోడ్డుకు రెండు పక్కలా తోటలే. ద్రాక్షతోటల దేశమైన ఫ్రాన్సులో 1993 నుంచి ఒక చక్కటి ఏర్పాటు ఉంది. అందులో చేరిన రైతులు, వైను తయారుచేసేవాళ్లు వ్యాను యాత్రికులకు తమ తోట దగ్గర 24 గంటలు ఉచితంగా చోటిస్తారు. ఏదైనా కొని తీరాలన్న షరతు లేదు, కానీ నీళ్లు, మరుగుదొడ్డి ఎవరి బండిలో వాళ్లకు ఉండాలి. మన తోటల్లో చోటు అడిగేటప్పుడు నేనూ అవే నియమాలు పెట్టుకుంటాను. ఉండేది ఒక్క రాత్రే. వాడుకునేవి మన నీళ్లే. చెత్త, మురుగు మనతోనే వెనక్కి వెళ్లాలి. ఈ మూడూ ముందే చెబితే రైతు ముఖంలో సందేహం పోతుంది.

అడగడానికి సరైన వేళ సాయంత్రం నాలుగు, నాలుగున్నర. అప్పటికి ఎండ తగ్గి, తోటలో మనుషులు ఇంకా ఉంటారు. చీకటి పడ్డాక కొత్త బండి తోట దగ్గర ఆగితే ఎవరికైనా అనుమానమే వస్తుంది. నిమ్మకాయ ధర బాగా పలికే ఎండాకాలంలో దొంగతనాల భయం కూడా ఉంటుంది కాబట్టి కాపలా గట్టిగా ఉంటుంది. ఇంకో సంగతి మరిచిపోవద్దు. చాలా తోటల్లో కాపును వ్యాపారికి గుత్తకిస్తారు. నేల ఒకరిది, కాయ మరొకరిది. రైతు సరేనన్నా గుత్తదారు మనిషి రాత్రి వచ్చి ఎవరు మీరని నిలదీయవచ్చు. అందుకే నేను, "అన్నా, కాపు మీదేనా, గుత్తకిచ్చారా?" అని మొదటే అడుగుతాను. గుత్తకిచ్చారని చెబితే ఆయనతోనే ఆ గుత్తదారుకు ఫోను చేయించి, మా బండి నంబరు చెప్పిస్తాను.

చోటు దొరికాక బండిని చెట్ల మధ్యకు తీసుకువెళ్లవద్దు. నిమ్మచెట్టు కొమ్మలు కిందికి వాలి ఉంటాయి, వాటి ముళ్లు బండి రంగును గీరేస్తాయి. కత్తిరించి పడేసిన ఎండుకొమ్మలు అంతకంటే ప్రమాదం. ఎండిన నిమ్మముల్లు అంగుళం లోపే ఉన్నా టైరు పక్కగోడలో సులువుగా దిగుతుంది, పలచని చెప్పులోంచి కాలిలోకీ దిగుతుంది. పాదుల వెంట పరిచిన నల్లటి డ్రిప్పు పైపులు ఎండుటాకుల కింద కనిపించవు. చక్రం ఎక్కితే పైపు చీలుతుంది, ఆ వరుస చెట్లకు నీళ్లందవు. వీటన్నిటికీ దూరంగా బండి నిలపడానికి అసలైన చోటు కళ్లం. వరి, వేరుశనగ నూర్చుకోవడానికి చదును చేసి గట్టిపరచిన ఆ నేల వానకు కూడా అంత తొందరగా మెత్తబడదు. కళ్లం లేకపోతే మోటారు షెడ్డు ముందున్న ఖాళీ స్థలం అడగండి.

బండి నిలిపాక లోపలి పలక మీద గ్లాసు నిండా నీళ్లు పోసి పెట్టి చూస్తాను. నీటి అంచు ఒక పక్క గ్లాసు అంచును తాకి, రెండో పక్క దిగితే బండి వాలి ఉన్నట్టే. నీళ్లు అంచును తాకిన పక్క చక్రం కింద చెక్క పెట్టి ఎత్తితే సరిపోతుంది. వాలు పూర్తిగా పోకపోయినా తలవైపు ఎత్తుగా, కాళ్లవైపు పల్లంగా ఉండేలా తిప్పుకోండి. తలవైపు పల్లమైతే తెల్లారేసరికి తల బరువెక్కి నొప్పి పుడుతుంది. అత్తగారి కోసం ఇంకొకటి చూస్తాను. మెట్టు దిగగానే అడుగుపెట్టే చోట గులకరాళ్లు లేకుండా చదునుగా ఉండాలి. రాత్రి లేచి దిగేటప్పుడు ఆవిడ పడకుండా ఉండటమే నాకు అన్నిటికంటే ముఖ్యం.

నేల రంగు కూడా చూడాలి. పొదలకూరు, రాపూరు వైపు ఎర్రనేలలు వాన పడినా తొందరగా ఆరతాయి. నల్లరేగడి అలా కాదు. ఎండలో సిమెంటులా గట్టిగా కనిపిస్తుంది, ఒక్క వాన కురిస్తే చక్రాలను సగందాకా మింగేస్తుంది, ట్రాక్టరు వస్తే తప్ప బండి కదలదు. నేల నెర్రెలు విచ్చి ఉంటే అది రేగడే. ఆకాశంలో మబ్బు ఉన్న రోజున దాని మీదికి బండి దించకండి.

తలపైకి కూడా చూడండి. పొలాల్లో కరెంటు తీగలు కిందికి వేలాడుతూ ఉంటాయి. పైన సామాను కట్టిన ఎత్తయిన వ్యాను వాటి కిందనుంచి పోకూడదు. నీడ సంగతికి వస్తే, ఎండాకాలంలో బండికి పడమటి పక్క చెట్టు కావాలని అందరూ అనుకుంటారు. నేను తూర్పు పక్క చెట్టున్న చోటు చూస్తాను. పడమటి ఎండ ఎలాగూ చీకటితో పోతుంది. తూర్పున నీడ లేకపోతే ఉదయం ఏడు కాకముందే బండి రేకు కాలిపోయి పిల్లల నిద్ర చెడుతుంది.

తోటలో మందు కొట్టారేమో తప్పకుండా అడగండి. గజ్జి తెగులుకూ పురుగులకూ నిమ్మకు పిచికారీలు చేస్తూనే ఉంటారు. ఆ రోజు కొట్టిన తోటలోనే కాదు, దాని గాలి వచ్చే దిక్కున కూడా ఉండవద్దు. పిల్లలుంటే ఇంకో మాట ఆలోచించకుండా ముందుకు సాగిపోండి. గజ్జి తెగులు వాన చినుకులతోనూ, తడి ఆకులను తాకిన చేతులు, పనిముట్లతోనూ ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు పాకుతుంది. అందుకని వాన తడి మీద తోటలో తిరగవద్దని, ఆకులు తెంపవద్దని పిల్లలకు గట్టిగా చెబుతాను. మనం నిద్రపోవడానికి చోటిచ్చిన మనిషికి మనవల్ల తెగులు అంటుకోకూడదు.

నీళ్ల విషయంలో రెండు మాటలు. వ్యవసాయానికి కరెంటు ఇచ్చే గంటల్లోనే బోరు మోటారు తిరుగుతుంది. చేతులు కడుక్కోవడానికి, గిన్నెలకు నీళ్లు అడగదలిస్తే అప్పుడే పట్టుకోవాలి, రాత్రి రైతును లేపి లాభం లేదు. తాగే నీళ్లు మాత్రం బండిలో మనం తెచ్చుకున్న క్యాన్లలోవే. కనిగిరి, పొదిలి వైపు, అలాగే ఉదయగిరి చుట్టుపక్కల భూగర్భజలాల్లో ఫ్లోరైడు ఎక్కువ. అక్కడి ఊళ్లవాళ్ల పళ్లలో, ఎముకల్లో ఆ బాధ కళ్లకు కనిపిస్తుంది. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. భైరవకోన గుహాలయాలు చూడటానికి వెళ్లేటప్పుడు క్యాన్లు నెల్లూరులోనో కందుకూరులోనో నింపుకోండి.

చీకటి పడ్డాక తోట దాటి పొలం గట్ల వెంట నడవకూడదు. అడవిపందుల కోసం కొందరు రాత్రిపూట కంచె తీగలకు కరెంటు పెడుతుంటారు. అది చట్టవిరుద్ధం, అయినా మన రాష్ట్రంలో దానివల్ల మనుషులు చనిపోతూనే ఉన్నారు. డ్రిప్పు తడి ఉన్న చోట కప్పలు చేరతాయి, వాటికోసం పాములు వస్తాయి. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది. అది కరిచినట్టు కూడా తెలియకపోవచ్చు. కాబట్టి నేల మీద చాప వేసుకొని పడుకోవాలన్న సరదా మానుకొని బండిలోనే, తలుపులు మూసి, కిటికీలకు దోమతెర కట్టుకొని పడుకోండి. చెప్పులు లోపలే పెట్టుకోండి, దిగేముందు టార్చి వేసి చూడండి. ఎవరినైనా పాము కరిస్తే నాటుమందుల జోలికి పోకుండా 108కి ఫోను చేసి ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి.

పెంచలకోనకు చాలామంది వస్తారు. నెల్లూరు నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. వెలిగొండల ఒడిలో నరసింహస్వామి గుడి, పైన జలపాతం. ఆ చుట్టూ ఉన్న అడవి అభయారణ్యం. దాని లోపల రాత్రి బండి ఆపి ఉండటం కుదరదు, ఆపకూడదు కూడా. గుడి దగ్గర వసతి గదులు, స్నానాల గదులు ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్లకు సుఖం. శనివారాలు, వైశాఖంలో బ్రహ్మోత్సవాల రోజులు మాత్రం జనంతో నిండిపోతుంది. వారం మధ్యలో వెళితే బండికి చోటూ దొరుకుతుంది, దర్శనమూ నెమ్మదిగా అవుతుంది. ఇక నెల్లూరు పట్టణంలో మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరిగే రోజుల్లో స్వర్ణాల చెరువు వైపు బండి తిప్పకండి. పండుగ చూడాలంటే బండి ఊరి బయట ఎక్కడైనా పెట్టి ఆటోలో వెళ్లండి.

సముద్రం వైపు సంగతి వేరు. మైపాడు, కొత్తకోడూరు, ఒంగోలు దగ్గర కొత్తపట్నం పగలంతా గడపడానికి బాగుంటాయి. రాత్రి బసకు నేను ఒప్పుకోను. ఇసుకలో చక్రం కూరుకుపోతుంది, ఉప్పుగాలికి రేకు తుప్పు పడుతుంది. అదీగాక చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. బండి దీపాలు వాటిని బెదరగొడతాయి, చక్రాలు గుడ్ల మీద పడితే గుడ్లు నలిగిపోతాయి. తీరం వెంబడి ఊళ్లలో రొయ్యల చెరువులు ఎక్కువ. పగలు ప్రశాంతంగా కనిపించే చెరువు గట్టు మీద రాత్రంతా నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి. నీళ్లను చిమ్ముతూ, ఆగకుండా సాగే ఆ హోరు పక్కన నిద్ర పట్టదు. సాయంత్రం ఆరింటికి ఒడ్డు వదిలి, అరగంట లోపలికి వచ్చి ఊళ్లో తెలిసినవాళ్ల ఇంటి ముందో, పెట్రోలు బంకులో అడిగి ఒక మూలనో ఆపుకోవడం మేలు. బంకులో వెలుతురు, మరుగుదొడ్డి, మనుషులు ఉంటారు. లారీల చప్పుడు మాత్రం భరించాలి.

కందుకూరు, టంగుటూరు వైపు పొగాకు బ్యారన్ల దగ్గర, అంటే ఆకును వేడిమీద ఆరబెట్టే కొట్టాల దగ్గర, చోటిస్తామన్నా ఆకు కాల్చే నెలల్లో వద్దనండి. వేడి, వాసన తెల్లవార్లూ వదలవు. పక్కనే పేర్చిన కట్టెల గుట్టల్లో తేళ్లుంటాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. మన జిల్లాలకు పెద్దవానలు అప్పుడే పడతాయి. అప్పుడు తోటలు కడిగినట్టు పచ్చగా ఉంటాయి, చల్లగానూ ఉంటుంది, అందుకే బయలుదేరాలనిపిస్తుంది. బయలుదేరవచ్చు, కానీ పెన్నలో ఇసుక మీద బండి దించవద్దు. పెన్న మీద పైనున్న సోమశిల ఆనకట్టకు నిండుగా నీళ్లు చేరితే గేట్లు ఎత్తుతారు. 78 టీఎంసీల జలాశయం నుంచి వదిలిన నీళ్లు కిందికి వచ్చేసరికి మన తల మీద ఒక్క చినుకు కూడా పడి ఉండకపోవచ్చు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. చెరువు కట్టల మీద కూడా అంతే. అలుగు పారే దిక్కున, తూము కాలువ పక్కన రాత్రి ఉండకూడదు. అలుగు ఎటు ఉందో, నిరుడు ఎంతవరకు పారిందో ఊళ్లో ఎవరిని అడిగినా వేలు పెట్టి చూపిస్తారు.

బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వార్తల్లో వినిపిస్తే ప్రయాణం ఆపి, పక్కా కట్టడం ఉన్న చోటికి, ఎత్తు మీది ఊరికి వెళ్లండి. బండిని చెట్ల కింద, హోర్డింగుల కింద పెట్టకుండా గోడ చాటున పెట్టండి. డీజిలు ట్యాంకు నింపి ఉంచుకోండి, ఫోన్లు ఛార్జి పెట్టుకోండి. తుపాను వెళ్లాక కూడా కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే లోతు ఎంతో తెలియకుండా దాటకూడదు. అవతలి ఒడ్డున ఊరివాళ్లు ట్రాక్టరు దాటించి చూపించేదాకా ఆగండి.

తోటలో ఉన్న మర్నాడు బయలుదేరే ముందు రైతుకు డబ్బులు ఇవ్వబోతే చాలామంది తీసుకోరు, కొందరు నొచ్చుకుంటారు కూడా. నేను వంద కాయలు బేరమాడకుండా ఆయన చెప్పిన ధరకు కొంటాను. అత్తగారు ఆ ఇంటి ఆడవాళ్లకు నెల్లూరు మలైకాజా పొట్లం ఇస్తారు. బండి నిలిపిన చోట పిల్లలతో కలిసి ఒకసారి తిరిగి, పడిన కాగితం ముక్క కూడా ఏరిస్తాను. ఆ రైతు ఫోను నంబరును ఊరి పేరుతో, "కళ్లం, తూర్పు నీడ, బోరు ఉప్పన" అన్నలాంటి చిన్న గుర్తుతో రాసిపెట్టుకుంటే వచ్చే ఏడాది మధ్యాహ్నానికే ఫోను చేసి అడగవచ్చు.