నూతిలో ఫోటోలకు దిగేవాళ్లకు: పైనున్నవాడు పైనే ఉండాలి

ఎండలు ముదిరి కాలువలు కట్టేసే రోజులు వచ్చాయంటే పత్రిక జిల్లా పేజీలో ఒక వార్త ఖాయం. పాత నూతిలోకి ఒకరు దిగారు, పలకలేదు. ఏమైందో చూద్దామని రెండోవారు దిగారు. ఆ ఇద్దరి కోసం మూడోవారు. పేర్లూ ఊళ్లూ మారతాయి, వరస మారదు. ఈ మధ్య మళ్లీ అదే చదివాను.

పూడిక తీసేవాళ్ల కోసం కాదు ఈ రాత. కెమెరా మెడలో వేసుకుని దిగే కుర్రవాళ్ల కోసం. మన డెల్టాలో గుహలు లేవు, ఉన్నదంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. నిలువు గుహల మీద మోజున్నవాళ్లు బెలుం గుహల వైపు సున్నపురాతి నేలకు వెళ్లాలి. అంత దూరం పోయే ముందు చేతులు అలవాటు పడాలని ఇద్దరు స్నేహితులు ఒక మోకు తీసుకుని ఊరి చివర పాడుబడ్డ నూతిలో దిగుతారు. అడుగు నుంచి తీస్తే గుండ్రటి ఆకాశం, వరల మీద నాచు, సందులో మొలిచిన రావి మొక్క. ఫోటో బాగానే వస్తుంది, కాదనను.

హెల్మెట్ పెట్టుకోండి, పాములుంటాయి చూసుకోండి వంటివి మీకు తెలుసు, వదిలేస్తున్నాను. నేను చెప్పదలచింది ఒక్కటే. కిందవాడు పలకకపోతే పైవాడు దిగకూడదు.

గాలి సంగతి

మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. గ్యాస్ మీటరు 19.5 కంటే తక్కువ చూపిస్తే దిగవద్దు. 10 లోపుకు పడిపోతే మనిషి స్పృహ తప్పుతాడు, మరీ తక్కువైతే రెండు మూడు గుక్కలకే కూలిపోతాడు. ఆక్సిజన్ తగ్గిందని శరీరం ముందుగా హెచ్చరించదు. అందుకే మొదటివాడు కేకైనా వేయడు, రెండోవాడికేమో కాలు జారి పడ్డాడేమో అనిపిస్తుంది.

దీపం దింపి చూడటం పాత పద్ధతి. దీపం 16 శాతం దగ్గర ఆరుతుంది, అంటే ప్రమాదం మొదలైన చాలాసేపటికి. కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉందో లేదో అది చెప్పదు. మీథేన్ ఉంటే భగ్గుమంటుంది. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావిలో లేచిన మంటలను తలచుకోనక్కర్లేదు, నూతి అడుగున కుళ్లే ఆకులే మీథేన్ పుట్టిస్తాయి. ఇంకో మాట: కుళ్లిన గుడ్ల వాసన ఉన్నట్టుండి ఆగిపోతే గాలి శుభ్రపడిందని కాదు. ఆ గ్యాస్ ఎక్కువైతే ముందు ముక్కునే మొద్దుబారుస్తుంది.

గ్యాస్ మీటరు తాడుకు కట్టి దింపండి. పైన, మధ్యలో, అడుగున ఒక్కోచోట రెండు నిమిషాలు ఆపండి. మామూలుగా అద్దెకు దొరికే నాలుగు వాయువుల మీటరు కార్బన్ డయాక్సైడును కొలవదు. సున్నపురాతి గుహల్లో అసలు భయం దానితోనే, అది గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, పల్లంలో నిలుస్తుంది. అక్కడికి వెళ్లేవాళ్లు దానికి వేరే మీటరు పట్టుకెళ్లాలి.

నిన్న బాగున్న నుయ్యి ఇవాళ బాగుంటుందని లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి పైన గాలి ఒత్తిడి తగ్గితే, మట్టి పొరల్లో ఇరుక్కున్న చెడుగాలి నూతిలోకి వస్తుంది. అటువంటి రోజున ప్రయాణం మానుకోండి.

తాడు సంగతి

ఫోటో తీసేవాడికి తాడు శత్రువు. ఫ్రేములోకి వస్తుంది, కాలికి అడ్డం పడుతుంది. అడుగుకు చేరగానే ఒక్క నిమిషమే కదా అని కొక్కెం విప్పుతాడు. విప్పాడంటే, పడిపోయాక అతన్ని పైకి తేవాలంటే ఎవరో ఒకరు దిగి తీరాలి. రెండో చావు అక్కడే ఖాయమవుతుంది. తాడు కనిపిస్తే కనిపించనివ్వండి, ఇంటికి వెళ్లాక కంప్యూటర్లో చెరుపుకోవచ్చు.

సరే, తాడు విప్పలేదు. పైన ఒక్కడే ఉన్నాడు. 70 కిలోల మనిషి వాలిపోతే ఒక్కడు లాగగలడా? లాగలేడు. నూతి గిలక బిందెలకు పెట్టింది, అది లాగే దిక్కును మారుస్తుందే తప్ప బరువును తగ్గించదు. బరువు తగ్గాలంటే కదిలే కప్పీలు కావాలి, అవి దిగకముందే బిగించి ఉండాలి, ఇసుక బస్తా కట్టి లాగి చూసి ఉండాలి. లాగలేకపోయినవాడు ఏం చేస్తాడు? దిగుతాడు. కాబట్టి ఇద్దరే ఉన్న రోజున దిగకుండా పైనుంచే ఫోటోలు తీసుకోండి. ఒకడు దిగాలంటే పైన ముగ్గురుండాలి.

మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

మోకును నడుముకు కట్టవద్దు. భుజాలనూ తొడలనూ పట్టి ఉంచే హార్నెస్ వేసుకోండి.

గిలక స్తంభానికి తాడు కట్టవద్దు. పాత నూతి గట్టును నమ్మవద్దు. వేసవిలో నీరు దిగిపోతే వరల వెనక ఇసుక జారుతుంది, వర కదిలితే ఆగదు.

ట్రైపాడ్ కాళ్లతో బురద కెలకవద్దు. అడుగున అణిగి ఉన్న గ్యాస్ లేస్తుంది.

పెట్రోలు ఇంజను నూతిలోకి దింపవద్దు. అది వదిలే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు.

వేపకొమ్మలు కట్టి ఆడించడం, బిందెలతో నీళ్లు చిమ్మడం గాలిని కొంత కదిలిస్తాయి. మీటరుకు బదులు కావు. బ్లోయరు పెట్టినా మీటరు చూడాల్సిందే.

తడిగుడ్డ ముక్కుకు కట్టుకుంటే ఆక్సిజన్ పుట్టదు.

నిమిషానికోసారి పేరు పెట్టి పిలవండి. మాట ముద్దగా వచ్చినా, ఊరికే నవ్వినా, ఆలస్యంగా పలికినా లాగండి. వద్దన్నా లాగండి. ఇంకొక్క ఫోటో అన్నా లాగండి.

ఈత వచ్చినవాడు దిగవద్దు. బలమున్నవాడు దిగవద్దు. కిందున్నది సొంత అన్నయ్యే అయినా దిగవద్దు. ఊపిరి బిగబట్టి వెళ్లొస్తానన్నవాణ్ణి పట్టుకుని కూర్చోబెట్టండి, అవసరమైతే చెట్టుకు కట్టేయండి.

జనం మూగితే ఎవరో ఒకరు లుంగీ ఎగగట్టి ముందుకు వస్తారు. అతన్నీ ఆపండి.

పైకి తెచ్చాక ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి, 108కి ఇంకొకరు ఫోన్ చేయాలి.

తాడు లేకుండా పడిపోయి ఉంటే 101కి, అంటే ఫైర్ స్టేషనుకు, ఫోన్ చేయండి. నూతిలో మనిషి పడ్డాడు అని చెప్పకండి, తాళ్లు పట్టుకుని వస్తారు. నూతిలో గాలి ఆడక పడిపోయాడు, శ్వాస పరికరాలు తీసుకురండి అని చెప్పండి.