చిన్న జీతం, చీటీ, జకాత్: ముస్లిం ఉపాధ్యాయులు ఖర్చును సర్దుకునే పద్ధతి

హైదరాబాద్ పాతబస్తీలోనో కర్నూలులోనో చిన్న ప్రైవేటు పాఠశాలల్లో పనిచేసే ఉపాధ్యాయుల్లో చాలామందికి వేసవి సెలవుల జీతం అందదు. పైగా రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వస్తుంది కనుక, పండుగ ఖర్చు ఏ నెల జీతం మీద పడుతుందో ఏడాది మొదట్లోనే చూసుకోవాలి.

జీతం చేతికి రాగానే ఇంటి అవసరాలకూ, తీర్చవలసిన అప్పుకూ ముందు తీసిపెట్టాలి. ఇంటివాళ్ల మీద పెట్టే ఖర్చు కూడా సదఖాయేనని (పుణ్యదానమేనని) హదీసుల్లో (ప్రవక్త ప్రవచనాల్లో) ఉంది. పిల్లల ఫీజు బాకీ పెట్టి చందాలు ఇవ్వనవసరం లేదు.

వడ్డీకి దూరంగా ఉండాలనుకునేవారు చీటీ విషయంలో జాగ్రత్తపడాలి. పాట చీటీలో, డబ్బు అవసరమైన సభ్యుడు వదులుకున్న సొమ్మును మిగతావారు పంచుకుంటారు. చాలామంది ఉలమాలు (మతపండితులు) దీన్ని వడ్డీగానే చూస్తారు. దానికి బదులు స్టాఫ్‌రూమ్‌లో పదిమంది కలిసి నెలకు తలా 2,000 రూపాయలు వేసి, పాట లేకుండా ఒక్కొక్కరికి 20,000 చొప్పున పది నెలలు ఇచ్చుకోవచ్చు. జూన్‌లో ఫీజులు కట్టవలసినవారికి ఆ నెల వంతు వదిలిపెడితే మరీ మంచిది. అప్పును రాసుకోమని ఖుర్ఆన్ అల్ బఖరా అధ్యాయం 282వ ఆయత్ (వాక్యం) చెబుతుంది కాబట్టి, ఎంత నమ్మకస్థులైనా ఈ లెక్కను పుస్తకంలో రాసి సంతకాలు తీసుకోవాలి.

జకాత్ (ఏటా తప్పనిసరిగా ఇవ్వవలసిన దానం) లెక్క జీతాన్ని బట్టి ఉండదు. అప్పులు పోగా మిగిలిన సంపద నిసాబ్‌కు, అంటే జకాత్ తప్పనిసరయ్యే కనీస పరిమితికి చేరి, చాంద్రమాన సంవత్సరం గడిస్తే అందులో 2.5 శాతం ఇవ్వాలి. నిసాబ్ 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి. ఇక్కడ ఎక్కువమంది అనుసరించే హనఫీ పద్ధతిలో (ఇస్లామీ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) బంగారాన్నీ నగదునూ కలిపి వెండి విలువతో పోలుస్తారు. అందుకే కాస్త బంగారం, కొద్దిపాటి పొదుపు ఉన్నా జకాత్ పడవచ్చు. భార్య నగల జకాత్ ఆమె బాధ్యతే. ఆమె అనుమతితో భర్త చెల్లించవచ్చు.

నిసాబ్ మేర సంపద లేక, అప్పులతో నెట్టుకొస్తున్న ఉపాధ్యాయులు జకాత్ తీసుకోవడానికి అర్హులే. ఖుర్ఆన్ అత్తౌబా అధ్యాయం 60వ ఆయత్ పేర్కొన్న ఎనిమిది వర్గాల్లో పేదలూ అప్పుల్లో ఉన్నవారూ ఉన్నారు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఇచ్చేవారు మనసులో నియ్యత్ (సంకల్పం) చేసుకుంటే చాలు, ఇది జకాత్ అని పైకి చెప్పనక్కరలేదు. అయితే యాజమాన్యం బకాయిపడిన జీతాన్నే జకాత్ పేరుతో ఇస్తే అది చెల్లదు. జీతం హక్కు కనుక దాన్ని విడిగా అడిగి తీసుకోవాలి.